ఒకే స్థలం మీద ఇద్దరికి హక్కు: ఎవరిది ముందో తేల్చడం ఎలా?

కావలసినవి: ఈసీ (ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల జాబితా), లింకు డాక్యుమెంట్లు (ఆస్తి చేతులు మారుతూ వచ్చిన పాత దస్తావేజులు), ఇద్దరి అగ్రిమెంట్లు, డబ్బు చేతులు మారిన రుజువులు, ఒక తెల్లకాగితం. ఈసీ ముప్పై ఏళ్లకు తక్కువైతే నేను ఫైలు ముట్టుకోను.

మొదట ఎవరి చేతిలో ఏముందో రాయండి. రిజిస్టరైన సేల్ డీడ్, ఉత్త అగ్రిమెంటు, ఒరిజినల్ దస్తావేజులు పెట్టించుకుని ఇచ్చిన అప్పు, మూడూ ఒకటి కావు. ఆస్తి బదిలీ చట్టం (1882) 54వ సెక్షన్ ప్రకారం అగ్రిమెంటు తనంతట తాను ఆస్తిలో హక్కు పుట్టించదు. ఇంగ్లండులో పుట్టిస్తుంది. అక్కడి తీర్పులు తెచ్చి ఇక్కడ అతికించే జూనియర్లకు చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టింది.

తర్వాత తేదీలు. రిజిస్ట్రేషన్ తేదీ కాదు, రాసిన తేదీ చూడాలి. మార్చి 3న రాసి జూన్ 10న రిజిస్టరైన సేల్ డీడు, ఏప్రిల్‌లో రాసి అదే రోజు రిజిస్టరైన దానికన్నా ముందుది (రిజిస్ట్రేషన్ చట్టం, 47వ సెక్షన్). ఇద్దరివీ అగ్రిమెంట్లే అయితే సాధారణంగా మొదటివాడిదే పైచేయి.

అందరూ ఇక్కడే ఫైలు కట్టేస్తారు. అసలు పని ఇప్పుడే మొదలు.

ముందు అగ్రిమెంటు ఉన్నా, తర్వాత వచ్చినవాడు డబ్బంతా కట్టి, ఆ సంగతి తెలియకుండా, మంచి నమ్మకంతో రిజిస్ట్రేషన్ చేయించుకుంటే గెలుస్తాడు. నిర్దిష్ట పరిహార చట్టం (1963) 19(బి) ఇచ్చిన రక్షణ అది. కానీ ‘నాకు తెలియదు’ అంటే సరిపోదు, తెలియదని అతనే రుజువు చేసుకోవాలి. ఆరా తీయాల్సిన చోట కావాలని తీయకపోయినా తెలిసినట్టే. ఇంట్లో ఎవరున్నారో వాళ్ల హక్కు కూడా తెలిసినట్టే లెక్క. బ్రోకరుకు తెలిసినా ఆ పనిలో మీకు తెలిసినట్టే.

నా దగ్గరికొచ్చిన ఒక కొనుగోలుదారు ఈసీ శుభ్రంగా ఉందని సంబరపడ్డాడు. గేటు లోపల తులసికోట, దండెం మీద పిల్లల యూనిఫాంలు. ‘కిరాయివాళ్లు సార్’ అన్నాడట అమ్మేవాడు. ఈయన తలుపు తట్టి ‘అమ్మా, మీరిక్కడ ఏ లెక్కన ఉంటున్నారు?’ అని అడగలేదు. వాళ్లు అగ్రిమెంటు చేసుకుని మూడొంతులు డబ్బు కట్టినవాళ్లు. అందుకే ఈసీ కన్నా గుమ్మం ముందున్న చెప్పులే పెద్ద సాక్ష్యం అంటాను. ఆన్‌లైన్‌లో కూర్చుని టైటిల్ చూసేవాళ్లకు ఇది ఎక్కదు.

ఇక తాకట్టు. ఒరిజినల్స్ అప్పగించి తెచ్చిన అప్పుకు రాతకోతలే అక్కర్లేదు కాబట్టి, ఈసీలో కనిపించకపోవచ్చు. అయినా తర్వాత రిజిస్టరైన తాకట్టు కన్నా అదే ముందు. అందుకే జిరాక్సులు చూపించి ‘ఒరిజినల్స్ లాకర్లో ఉన్నాయండీ’ అనేవాడి దగ్గర ఆగండి. ఒరిజినల్స్ చేతిలో పెట్టుకుని స్టాంపు పేపరు వెనక్కి తిప్పి చూస్తేనే నా సంతకం పడుతుంది.

ముందు అప్పిచ్చినవాడికీ ఒక మాట. మొహమాటానికి పోయి ఒరిజినల్స్ తిరిగి అప్పు తీసుకున్నవాడి చేతికిచ్చి, వాటితో అతను ఇంకొకరి దగ్గర అప్పు తెస్తే, అది ఘోర నిర్లక్ష్యంగా తేలితే ఆస్తి బదిలీ చట్టం 78వ సెక్షన్ కింద మీరు వెనక్కి వెళ్తారు. 1853లో ఇంగ్లండులో రైస్ వర్సెస్ రైస్ కేసులోనూ ఇలాగే అయింది. అందని డబ్బుకు రసీదు రాసి, దస్తావేజులు చేతికిచ్చిన అమ్మకందారు, వాటి మీద అప్పిచ్చినవాళ్ల తర్వాత నిలబడ్డాడు.