విదేశాల నుంచి హైదరాబాద్ ల్యాబ్‌కి వస్తున్నారా? ముందు ఈథర్ సంగతి చూడండి

లోహం, దాన్ని పట్టుకున్న అణువులు (లైగండ్లు) కలిసిన కాంప్లెక్స్‌ని క్రిస్టల్‌గా పెంచడానికి అక్కడ చక్కగా పనిచేసిన రెసిపీని ఇక్కడ మక్కీకి మక్కీ దించితే, మార్చి దాటాక సీసా అడుగున పొడే మిగిలేది. ఎండకు లోహం-లైగండ్ బంధమేమీ ఊడదు. కాంప్లెక్స్‌లను పక్కపక్కన పేర్చే హైడ్రోజన్ బంధాలు, పై-స్టాకింగ్‌లు (చదునైన వలయాలు ఒకదానిపై ఒకటి పేరుకోవడం) మాత్రం బలహీనమైనవి, చాలావరకు మోల్‌కు పాతిక, ముప్పై కిలోజూల్స్ లోపే. ద్రావణి, వేడి కాస్త మారినా పేర్పు మారిపోతుంది.

కాగితాల పని రెండు ముక్కల్లో: ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చేది) ఉన్నా రీసెర్చ్‌కి విడిగా అనుమతి తీసుకోవాలి (2021 నుంచి ఇదే నిబంధన). విదేశీ పాస్‌పోర్టు మీద 180 రోజులు దాటిన స్టూడెంట్, రీసెర్చ్ వీసా అయితే దిగిన 14 రోజుల్లో ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓ (విదేశీయుల నమోదు కార్యాలయం) రిజిస్ట్రేషన్. ఇల్లు ల్యాబ్ దగ్గరే చూసుకోండి. తార్నాకలో ఐఐసీటీకి (రసాయన పరిశోధన సంస్థ) మెట్రో ఉంది, కందిలో ఐఐటీకి లేదు.

ఇక అసలు విషయం. మామూలు పద్ధతి: 5 మిల్లీగ్రాముల కాంప్లెక్స్‌ని 1 మిల్లీలీటరు ఎసిటోనైట్రైల్‌లో కరిగించి, వడగట్టి, చిన్న సీసాలో పోసి, దాన్ని మూత పెట్టకుండా 20 మిల్లీలీటర్ల సీసాలో నిలబెడతాం. చుట్టూ 4 మిల్లీలీటర్ల డైఈథైల్ ఈథర్ పోసి పెద్ద సీసా మూత బిగిస్తాం. ఈథర్ ఆవిరి మెల్లగా చిన్న సీసాలోకి చేరితే క్రిస్టల్ పెరుగుతుంది. ఈథర్ మరిగేది 34.6 డిగ్రీల దగ్గర. మే నెలలో ఏసీ లేని గది దాన్ని ఇట్టే దాటుతుంది. ఆవిరి ఒక్కసారిగా లోపలికి తోసుకొచ్చి కాంప్లెక్స్ పొడిగా పడిపోతుంది. బదులుగా 55 డిగ్రీలకు మరిగే ఎంటీబీఈ (ఇంకో రకం ఈథర్) వాడి చూడండి. ఫ్రిజ్‌లో పెట్టాలంటే స్పార్క్‌ప్రూఫ్ ఫ్రిజ్ అయితేనే. ఇంట్లో వాడే రకం ఫ్రిజ్‌లో థర్మోస్టాట్ నిప్పురవ్వకే ఈథర్ ఆవిరి అంటుకోవచ్చు. రాత్రి ఏసీ కట్టేస్తే పగలు పెరిగిన క్రిస్టల్ కరిగిపోవచ్చు కాబట్టి సీసాలను థర్మోకోల్ పెట్టెలో ఉంచండి. చవకే, పని మాత్రం బాగా చేస్తుంది.

క్రిస్టల్‌ని ద్రవంలోంచి తీసి గాలికి పెడితే లోపలి ద్రావణి ఎగిరిపోయి నిమిషాల్లో మబ్బు పట్టి ముక్కలవుతుంది. ద్రవంలోంచి నేరుగా, గాలి తగలనివ్వని పారాటోన్ నూనెలోకి లాగి, 0.2 మిల్లీమీటర్ల ముక్కను లూప్‌తో (సన్నటి ఉచ్చుతో) ఎత్తి, 100 కెల్విన్ నైట్రోజన్ ధారలో పెట్టండి. డిఫ్రాక్టోమీటర్ (క్రిస్టల్ మీద ఎక్స్‌రే వేసి నిర్మాణం చూసే యంత్రం) ఊరి అవతల ఉంటే క్రిస్టల్స్‌ని ఆరబెట్టి తీసుకెళ్లొద్దు. ద్రవంతో సహా సీసానే ఐస్ డబ్బాలో తీసుకెళ్లండి.

ఐఆర్ (ఇన్‌ఫ్రారెడ్) స్పెక్ట్రమ్ కోసం నమూనాతో కలిపే కేబీఆర్ (పొటాషియం బ్రోమైడ్) పొడి వానాకాలంలో తేమ పీలుస్తుంది. స్పెక్ట్రమ్‌లో 3400 సెం.మీ.⁻¹ దగ్గర వచ్చే వెడల్పు పట్టీని చూసి హైడ్రోజన్ బంధం దొరికిందని సంబరపడొద్దు, అది చాలాసార్లు నీళ్లే. కేబీఆర్ పొడిని 110 డిగ్రీల దగ్గర ఆరబెట్టి స్పెక్ట్రమ్ మళ్లీ తీయండి.

చివరికి దూరాలు కొలిచేటప్పుడు: ఎక్స్‌రే హైడ్రోజన్‌ని కార్బన్‌కి మరీ దగ్గరగా చూపిస్తుంది, 0.95 ఆంగ్‌స్ట్రామ్ దగ్గర. దాన్ని న్యూట్రాన్ ప్రయోగాల్లో వచ్చే విలువ 1.083కి జరిపాకే సీ-హెచ్ (కార్బన్-హైడ్రోజన్) నుంచి ఆక్సిజన్‌కి బంధం ఉందో లేదో చెప్పండి. రసాయన శాస్త్రవేత్త గౌతమ్ దేశిరాజు ఆ బలహీన బంధాల మీద ఏళ్ల తరబడి పనిచేసింది ఈ ఊరి సెంట్రల్ యూనివర్సిటీలోనే. హైడ్రోజన్‌ని జరిపారా అని ఇక్కడి సెమినార్లలో ఎవరో ఒకరు అడుగుతారు.