పాత మారుతి 800లో వాటర్ పంప్ లీకవుతోందా? ఎలా పట్టాలి, ఎలా మార్చాలి?

రేడియేటర్‌లో నీళ్లు తగ్గితే ఓ బాటిల్ పోసి బయల్దేరడం మనలో చాలామందికి అలవాటు. మా నాన్నగారి 800 అలాగే నెల రోజులు నడిచింది. సూర్యాపేట దాటాక ఆవిరి చిమ్మి ఆగిపోయింది. అంతకుముందే ఒక మెకానిక్ రేడియేటర్ కూడా మార్చాడు. తీరా చూస్తే కారుతున్నది వాటర్ పంప్. అప్పటికే హెడ్ (ఇంజిన్ సిలిండర్ల పై మూత) వంగిపోయింది. పంప్ ఖర్చుతో పోయేది ఇంజిన్ పని దాకా వచ్చింది. అందుకే చెబుతున్నాను: నీళ్లు పోయడం ఆపి, ముందు అవి ఎక్కడికి పోతున్నాయో కనిపెట్టండి.

800 తయారీ 2014 జనవరిలో ఆగిపోయింది. అంటే ఎంత కొత్త బండి అయినా పదేళ్లు దాటిపోయింది. సీళ్లు, హోస్ పైపులు గట్టిపడే వయసే ఇది.

లీక్ పంప్ దేనా?

రాత్రి బండి ఆపాక ఇంజిన్ కింద ఒక అట్టముక్క పరచండి. పొద్దున మరక ఎక్కడుందో చూడండి. బెల్టులున్న వైపు పడితే పంప్ మీద అనుమానం పెట్టుకోవచ్చు. ముందు భాగంలో మధ్యలో పడితే రేడియేటర్ లేదా కింది హోస్ పైప్ చూడాలి. ఏసీ వేసి తిరిగొచ్చాక కారే చల్లటి, రంగులేని నీరు మాత్రం లీకేజీ కాదు, దానికి భయపడనక్కర్లేదు.

పంప్ ఒంటి మీద, షాఫ్ట్ కింద ఒక చిన్న రంధ్రం ఉంటుంది. లోపలి సీల్ అరిగితే నీళ్లు బేరింగ్‌లోకి వెళ్లకుండా ఈ రంధ్రం గుండా బయటికొస్తాయి. టార్చ్ వేసి, అవసరమైతే చిన్న అద్దం పెట్టి చూడండి. అక్కడి నుంచి కిందికి తెల్లగానో, కూలెంట్ రంగులోనో ఎండిన చార కనిపిస్తే సీల్ పోయినట్టే. రంధ్రం పొడిగా ఉండి పంప్ అంచు తడిగా ఉంటే, పోయింది ప్యాకింగ్ (పంప్‌కీ ఇంజిన్‌కీ మధ్య ఉండే పలచటి గ్యాస్కెట్). ఈ రంధ్రాన్ని ఎమ్‌సీల్‌తో మూసేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. బయటికి రావాల్సిన నీరు బేరింగ్‌లో చేరి దాన్ని తినేస్తుంది.

ఇంకో పరీక్ష: ఇంజిన్ ఆపి, చల్లారాక ఫ్యాన్ బెల్ట్ వదులు చేయండి. (రేడియేటర్ ఫ్యాన్ కరెంటుతో తిరుగుతుంది. ఈ బెల్ట్ తిప్పేది ఆల్టర్నేటర్‌నీ పంప్‌నీ. అయినా పేరు ఫ్యాన్ బెల్టే.) పంప్ పుల్లీని రెండు వైపులా పట్టుకుని ఊపండి. కదిలినా, తిప్పుతుంటే గరగరమన్నా బేరింగ్ అయిపోయింది.

ఎక్కడా తడి లేకుండా నీళ్లు తగ్గుతూ, ఇంజిన్ ఆయిల్ పాలు కలిపిన టీలా మారితే అది ఎక్కువగా హెడ్ ప్యాకింగ్ సమస్య. పంప్ మార్చినా ఉపయోగం ఉండదు.

షాపులో ఏం అడగాలి?

'వాటర్ బాడీ' అంటే వెంటనే అర్థమవుతుంది. ఇంజిన్ కార్బొరేటర్‌దా, ఎంపీఎఫ్ఐదా (పెట్రోల్‌ను ఇంజెక్టర్లతో చిమ్మేదా) చెప్పండి. వీలైతే పాతది పక్కన పెట్టి పోల్చుకోండి. ప్యాకింగ్, ఫ్యాన్ బెల్ట్, కూలెంట్ తీసుకోండి. టైమింగ్ బెల్ట్ (ఇంజిన్ క్రాంక్‌నీ కామ్‌నీ కలిపి తిప్పే లోపలి బెల్ట్) కూడా. ఎందుకంటే పంప్‌ను తిప్పేది బయటి బెల్టే అయినా, పంప్ ఊడదీయాలంటే టైమింగ్ బెల్ట్ తీయాల్సిందే. కూలెంట్‌తో తడిసిన బెల్టును మళ్లీ ఎక్కిస్తే అదే పని రెండోసారి చేయాల్సి వస్తుంది.

విప్పడం

ఇంజిన్ పూర్తిగా చల్లారాలి. వేడి మీద రేడియేటర్ మూత తిప్పితే మరిగే నీళ్లు ముఖాన చిమ్ముతాయి. బ్యాటరీ నెగటివ్ తీయండి. జాకీ ఒక్కదాని మీదే బండిని నిలబెట్టకండి, స్టాండ్ పెట్టండి.

కింది హోస్ పైప్ వదులు చేసి కూలెంట్ టబ్‌లోకి దింపండి. ఎంత దిగిందో కొలిచి రాసుకోండి. కూలెంట్‌లో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ విషం, రుచికేమో తియ్యగా ఉంటుంది. వీధి కుక్కలు నాకేస్తాయి. టబ్‌ను వాటికీ, పిల్లలకూ అందకుండా పెట్టండి.

పంప్ పుల్లీ బోల్టులను బెల్ట్ బిగువుగా ఉన్నప్పుడే కొద్దిగా వదులు చేయండి. బెల్ట్ తీశాక చేయబోతే పుల్లీ గిర్రున తిరుగుతుంది. తర్వాత బెల్ట్, పుల్లీలు, టైమింగ్ కవర్ తీయాలి.

ఇక్కడ తొందర పనికిరాదు. కామ్ (వాల్వులు తెరిచే షాఫ్ట్), క్రాంక్ (పిస్టన్లు తిప్పే షాఫ్ట్) పుల్లీల మీది గుర్తులు ఇంజిన్ మీది గుర్తులతో కలిసేలా క్రాంక్‌ను దాని మామూలు దిశలో తిప్పండి. ఫోన్‌లో రెండు మూడు ఫొటోలు తీసుకోండి. పెయింట్ చుక్కలు కూడా పెట్టుకోండి. అప్పుడే బెల్ట్‌ను బిగువుగా ఉంచే టెన్షనర్ వదులు చేసి బెల్ట్ తీయండి. బెల్ట్ లేనంతసేపు కామ్‌ను గానీ క్రాంక్‌ను గానీ కదపకూడదు. ఈ గుర్తుల పని మీద నమ్మకం లేకపోతే, అక్కడి నుంచి తెలిసిన మెకానిక్‌ను పక్కన పెట్టుకోండి.

పంప్ బోల్టుల పొడవులు తేడా ఉండొచ్చు. అట్టముక్క మీద పంప్ బొమ్మ గీసి, ఏది ఎక్కడిదో అక్కడే గుచ్చండి. పంప్ రాకపోతే స్క్రూడ్రైవర్‌తో పెకలించకండి, రబ్బరు సుత్తితో నెమ్మదిగా తట్టండి.

బిగించడం

సగం పని శుభ్రం చేయడంలోనే ఉంది. పంప్ తీసిన చోట ఇంజిన్‌లో కనిపించే రంధ్రంలో గుడ్డ కుక్కి, పాత ప్యాకింగ్‌ను గీతలు పడకుండా గీకండి. ఒక్క ముక్క మిగిలినా కొత్త పంప్ అక్కడి నుంచే కారుతుంది. ఎలాగూ తెరిచారు కాబట్టి కామ్, క్రాంక్ ఆయిల్ సీళ్ల చుట్టూ జిడ్డు ఉందేమో చూసుకోండి.

బోల్టులన్నీ ముందు చేత్తో ఎక్కించండి. తర్వాత ఎదురెదురుగా, కొద్దికొద్దిగా బిగించండి. 6 మి.మీ. బోల్టుకు సుమారు 10 న్యూటన్ మీటర్లు చాలు, పొడవాటి రాట్చెట్‌తో బలం చూపిస్తే మరలు ఊడిపోతాయి. టైమింగ్ బెల్ట్ ఎక్కించి టెన్షనర్ బిగించాక, క్రాంక్‌ను చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పండి. గుర్తులు మళ్లీ కలవాలి. మధ్యలో ఎక్కడైనా గట్టిగా తగిలితే ఆపి, మళ్లీ మొదటి నుంచి చూడండి.

నింపడం

బోరు నీళ్లు పోయకండి. మన దగ్గర చాలా ఊళ్లలో కెటిల్ అడుగున తెల్ల పొర కట్టించే ఆ నీళ్లే రేడియేటర్‌లోనూ అదే పని చేస్తాయి, సీల్‌ను అరగదీస్తాయి. కూలెంట్ సగం, బ్యాటరీ నీళ్లు (డిస్టిల్డ్ వాటర్) సగం కలపండి. కలిపి అమ్మేదైతే అలాగే పోయాలి.

మూత తీసే ఉంచి స్టార్ట్ చేసి, హీటర్ ఉంటే వేడి వైపు పెట్టండి. బుడగలు వస్తుంటాయి, మట్టం పడిపోతుంటుంది, పోస్తూ ఉండండి. బుడగలు ఆగాక మూత పెట్టి, ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగేదాకా చూడండి. ఈలోగా టెంపరేచర్ ముల్లు సగం దాటి పైకి పోతుంటే వెంటనే ఇంజిన్ ఆపేయండి.

తొలి వారం రోజులు పొద్దున్నే, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు మట్టం చూడండి. లోపల మిగిలిన గాలి పోవడం వల్ల మొదటి రోజు కాస్త తగ్గుతుంది. మూడో రోజు కూడా తగ్గితే, ఆ అట్టముక్క మళ్లీ ఇంజిన్ కింద పరవండి.