బ్రేక్ తొక్కడం అందరికీ వచ్చు, వదలడమే రాదు

సిమ్ రేసింగ్‌లో, అంటే కంప్యూటర్ మీద స్టీరింగ్, పెడల్స్‌తో నడిపే కారు పందెంలో, ల్యాప్ టైమ్ (ట్రాక్ ఒక చుట్టుకి పట్టే సమయం) తగ్గడం లేదనగానే చాలామంది బ్రేక్ ఇంకా ఆలస్యంగా తొక్కడం మొదలుపెడతారు. దాంతో మలుపు తప్పుతుంది, టైర్లు వేడెక్కుతాయి, టైమ్ ఇంకా పెరుగుతుంది. నిజంగా సెకన్లు పోయేది బ్రేక్ వదిలే చోట.

నేర్చుకోవడానికి ఐరేసింగ్ అనే సిమ్యులేటర్‌లో మాజ్డా ఎంఎక్స్-5 కారు, లగూనా సెకా ట్రాక్ తీసుకోండి. రెండూ సభ్యత్వంతో పాటే వస్తాయి. ఆ కారుకి ఏబీఎస్ (బ్రేక్ వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) లేదు, అందుకే అదే కావాలి. ఏబీఎస్ ఉన్న జీటీ3 తరగతి రేసు కారుతో మొదలుపెడితే కాలు చేసే తప్పులు మరుగున పడిపోతాయి.

సామాను

లోడ్ సెల్ పెడల్ కొనగలిగితే కొనండి. మామూలు పెడల్ ఎంత దూరం కదిలిందో కొలుస్తుంది, లోడ్ సెల్ ఎంత బలంగా తొక్కారో కొలుస్తుంది. కాలికి గుర్తుండేది బలమే. మీరు గట్టిగా తొక్కగలిగినదాంట్లో 80 శాతానికే తెర మీద 100 కనబడేలా కాలిబ్రేట్ చేయండి. డెడ్‌జోన్ (పెడల్ తొక్కినా లెక్కలోకి రాని మొదటి భాగం) 2 శాతం దాటకూడదు. మీ కుర్చీ కింద చక్రాలుంటే వెనక్కి జరగకుండా కట్టేయండి. బ్రేక్ ఎడమకాలితోనే తొక్కాలి, అదీ బూట్లు లేకుండా.

గుర్తు, మొదటి తొక్కు

లగూనా సెకాలో రెండో మలుపు ఆండ్రెట్టి హెయిర్‌పిన్. ఎడమకి తిరిగే పొడవాటి మలుపు, రెండు ఏపెక్స్‌లు (కారు మలుపు లోపలి అంచుకి బాగా దగ్గరయ్యే చోట్లు). మెట్ట దాటి దిగువకి దిగుతూ దానికి బ్రేక్ వేయాలి. ట్రాక్ పక్కన కదలని గుర్తు ఒకటి పెట్టుకోండి. నీడల్ని, ముందు వెళ్ళే కారుని నమ్మకండి. మొదట బాగా ముందుగానే బ్రేక్ వేసి, మలుపు వరసగా మూడుసార్లు శుభ్రంగా కుదిరాకే బ్రేక్ వేసే చోటుని 5 మీటర్లు మలుపు వైపుకి జరపండి.

స్టీరింగ్ నిటారుగా ఉండగానే సుమారు పావు సెకనులో 80-85 శాతానికి చేరండి. తన్నకండి, ఒత్తండి. బరువు ముందు టైర్ల మీదికి రావడానికి ఆ పావు సెకను కావాలి. అది ఇవ్వకపోతే చక్రాలు లాక్ అవుతాయి (తిరగకుండా బిగుసుకుపోతాయి), స్టీరింగ్ చేతిలో తేలిపోతుంది, కారు తిన్నగా పోతుంది. గేర్లు కూడా వేగం తగ్గేకొద్దీ ఒక్కొక్కటిగా దించండి. తొందరపడి దించితే ఇంజిన్ బ్రేకింగ్ వెనక చక్రాల్ని పట్టేసి కారుని తిప్పేస్తుంది.

వదలడం

ఇక్కడ నిదానంగా చదవండి. టైరుకి ఉన్న పట్టు ఒక్కటే, అందులోంచే ఆపడానికీ తిప్పడానికీ పంచుకోవాలి. 100 శాతం ఆపడానికే వాడేస్తుంటే స్టీరింగ్ ఎంత తిప్పినా కారు తిరగదు. కాబట్టి స్టీరింగ్ తిరిగేకొద్దీ బ్రేక్ తగ్గాలి. మలుపులోకి స్టీరింగ్ తిప్పడం మొదలుపెట్టేసరికి పెడల్ 50 దగ్గరికి, సగం తిరిగేసరికి 25 దగ్గరికి, మొదటి ఏపెక్స్ దగ్గర్లో 5-10కి రావాలి. అంకెలు కారుని బట్టి మారతాయి, బ్రేక్ మెల్లగా తగ్గే ఆ వాలు మారదు.

ఎక్కువమంది చెడగొట్టేది చివరి 15 శాతంలో. 15 దగ్గర ఉండగా కాలు ఠక్కున తీసేస్తారు. ముక్కు పైకి లేస్తుంది, ముందు టైర్ల మీద బరువు పోతుంది, కారు మలుపు బయటికి జారుతుంది. వెంటనే స్టీరింగ్ ఇంకా తిప్పుతారు, దాంతో ముందు టైర్లు ఇంకా అరుగుతాయి. నిద్రపోయిన పసిపాప తలకింద నుంచి చెయ్యి తీసినట్టు తీయాలి ఆ చివరి 15 శాతాన్ని.

దీనికి ఎదురు తప్పు కూడా ఉంది. స్టీరింగ్ పూర్తిగా తిరిగాక కూడా 30-40 శాతం పట్టుకునే ఉంటే బరువంతా ముందుకి చేరి వెనక టైర్లు తేలిపోతాయి, తోక తిరుగుతుంది. అప్పుడు బ్రేక్ బయాస్ (ముందు, వెనక చక్రాలకి బ్రేక్ బలాన్ని పంచే సెట్టింగ్) మీద చెయ్యి వేయకండి. కనీసం 30 ల్యాప్‌లు ఒకే బయాస్‌తో నడిపి, అన్ని మలుపుల్లోనూ తోక అలాగే తిరుగుతుంటేనే 1 శాతం ముందుకి జరపండి.

'నిటారుగా ఉన్నప్పుడే బ్రేక్ అంతా ముగించు, తర్వాత తిప్పు' అని నేర్పేవాళ్ళున్నారు. మొదటి రోజుకి అది సరిపోతుంది. అక్కడే ఆగితే బ్రేక్‌కీ యాక్సిలరేటర్‌కీ మధ్య కారు ఊరికే దొర్లే ఖాళీ ఒకటి మిగులుతుంది, ముందు టైర్ల మీద బరువు అవసరమైన చోటే బరువు ఉండదు. పోర్షె 911 జీటీ3 ఆర్‌లో ఇది మరీ కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. ఇంజిన్ వెనక ఉండటం వల్ల ముక్కు తేలిక, బ్రేక్ కాస్త మిగుల్చుకోకపోతే తిరగనే తిరగదు. ఫార్ములా కార్లలో బ్రేక్ తగ్గించే వాలు ఇంకా ముందే మొదలవ్వాలి. డౌన్‌ఫోర్స్ (గాలి కారుని కిందికి నొక్కే బలం) వేగం వర్గాన్ని బట్టి తగ్గుతుంది, అంటే వేగం సగమైతే అది పావు వంతే మిగులుతుంది కాబట్టి, మొదట పట్టిన బ్రేకే సగం వేగానికి వచ్చేసరికి చక్రాల్ని లాక్ చేస్తుంది.

సాధన

80 శాతం వేగంతో పది ల్యాప్‌లు తిరగండి. టైమ్ చూడకండి, టెలిమెట్రీలో (కారు నడిచిన తీరుని గీతలుగా చూపే రికార్డులో) బ్రేక్ గీత ఒక్కటే చూడండి. నిట్టనిలువుగా లేచి, పొడవుగా ఏటవాలుగా దిగాలి. దీర్ఘచతురస్రంలా ఉంటే కాలు ఇంకా ఠక్కున తీస్తున్నట్టే. గీత మధ్యలో పళ్ళచక్రంలా ఎగుడుదిగుడుగా ఉంటే తొక్కి వదిలి మళ్ళీ తొక్కుతున్నారని అర్థం. అంటే గుర్తు తప్పు, ఇంకో 5 మీటర్లు వెనక్కి తీసుకోండి.

యాక్సిలరేటర్ మాత్రం స్టీరింగ్ వెనక్కి విప్పడం మొదలయ్యాకే. ఆండ్రెట్టిలో రెండో ఏపెక్స్ కనబడక ముందే తొక్కితే కారు బయటికే పోతుంది.