పీహెచ్‌డీ సెమినార్: వినేటప్పుడు, చెప్పేటప్పుడు

యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీ స్కాలర్ ప్రతి సెమిస్టర్‌లోనూ రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ ముందు తన పని ఎంతవరకు వచ్చిందో చెప్పాలి, చిన్న రిపోర్టు ఇవ్వాలి. థీసిస్ ఇచ్చే ముందు జరిగే ప్రీ-సబ్మిషన్ సెమినార్‌కి అధ్యాపకులూ తోటి స్కాలర్లూ అందరూ రావచ్చు. ఇవి కాక జర్నల్ క్లబ్ (కొత్త పేపర్లని కలిసి చదివి చర్చించేది), బయటివాళ్ల ప్రసంగాలు. వీటికి హాజరు ఎంత ఉండాలన్నది ఒక్కో డిపార్ట్‌మెంట్‌లో ఒక్కోలా ఉంటుంది. చేరిన మొదటి వారంలోనే ఆఫీసులో కనుక్కోండి.

రిజిస్టర్‌లో సంతకం పెట్టి వెనక తలుపులోంచి జారుకుంటే హాజరు పడుతుంది. కానీ గ్రాఫ్ చెప్పడం నేర్చుకునేది ఆ హాల్లోనే. ముందురోజు అబ్‌స్ట్రాక్ట్ చదవండి, అందులో తెలియని పద్ధతి పేరు కనిపిస్తే పది నిమిషాలు దాని గురించి చూసుకోండి. వింటూ మూడే విషయాలు రాసుకోండి: మాట్లాడేవారు తేల్చదలచుకున్నది ఏమిటి, దానికి ఆధారం ఏ గ్రాఫ్, మీకు నమ్మకం కుదరనిది ఎక్కడ. ఆ మూడోదే మీరు అడగాల్సిన ప్రశ్న.

ఇక మీ వంతు. 20 నిమిషాలు ఇస్తే 15 నిమిషాల్లో ముగించి, మిగతావి ప్రశ్నలకి వదలండి. 12 నుంచి 14 స్లైడ్లు చాలు. ఎక్కువ సెమినార్లు పాడయ్యేది ఇంట్రడక్షన్‌లోనే: అది ఎనిమిది నిమిషాలు మింగేస్తే అసలు ఫలితాలు పరుగున చెప్పాల్సి వస్తుంది. దాన్ని మూడు నిమిషాలకి కుదించండి. అక్షరాలు 24 పాయింట్లకి తగ్గకూడదు. పేపర్లోంచి కోసి అతికించిన గ్రాఫ్‌లో అంకెలు వెనక వరుసకి కనిపించవు, మళ్లీ గీయండి. ప్రొజెక్టర్ మీద పసుపు గీత మాయమవుతుంది. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియనివాళ్లూ ఉంటారు. నీలం, నారింజ వాడండి.

గ్రాఫ్ రాగానే "మందు పనిచేసింది" అనేయకండి. ఈ.కోలై అనే బ్యాక్టీరియాకి మందు వేసి గీసిన పెరుగుదల గ్రాఫే తీసుకోండి. ముందు అడ్డంగా ఉన్నది చెప్పండి: సమయం, గంటల్లో. తర్వాత నిలువుగా ఉన్నది: 600 నానోమీటర్ల కాంతి దగ్గర ఓడీ (కల్చర్ ఎంత మసకబారిందో చూపే కొలత, కణాలు పెరిగితే ఇదీ పెరుగుతుంది), లాగ్ స్కేల్‌లో. నీలం కంట్రోల్, అంటే మందు వేయనిది; నారింజ మందు వేసినది. మూడు వేర్వేరు రోజుల కల్చర్లు, ఎర్రర్ బార్లు స్టాండర్డ్ డీవియేషన్. (ఒకే ప్లేటులో గుంతల్లాంటి మూడు వెల్స్‌ని మూడు ప్రయోగాలుగా లెక్కపెట్టకూడదు.) ఇదంతా అయ్యాకే ఫలితం: కంట్రోల్ గీత 2 గంటలకి పైకి లేచింది, మందు వేసినది 5 గంటలకి లేచింది, లేచాక రెండింటి వాలూ ఒకటే.

ఇక్కడే కమిటీ పట్టుకుంటుంది. కణాలు ఆలస్యంగా మేలుకున్నాయా, లేక చాలావరకు చచ్చిపోయి మిగిలిన కొన్నే పెరిగాయా? 20 నిమిషాలకోసారి రెట్టింపయ్యే సూక్ష్మజీవికి 3 గంటలంటే 9 రెట్టింపులు. 512లో ఒక్క కణం బతికినా గీత ఇలాగే వస్తుంది. ఓడీ ఒక్కదాంతో ఇది తేలదు, ప్లేటు మీద కాలనీలు (బతికిన ఒక్కో కణం నుంచి పెరిగిన చుక్కలు) లెక్కపెట్టాలి. ఆ లెక్క ఉంటే ధన్యవాదాల స్లైడ్ తర్వాత అదనపు స్లైడ్‌గా పెట్టుకోండి. లేకపోతే "ఆ ప్రయోగం ఇంకా చేయలేదండీ, చేస్తే ఇలా చేస్తాను" అని చెప్పండి. తెలియనిదాన్ని ఊహించి చెబితే తర్వాతి ప్రశ్న ఇంకా లోతుకి వెళ్తుంది.

ప్రశ్న పూర్తిగా వినండి, మీ మాటల్లో ఒకసారి తిరిగి చెప్పి అప్పుడు జవాబివ్వండి.

తెలుగు మీడియంలో చదివి ఇంగ్లీషులో చెప్పడానికి జంకేవాళ్లు మొదటి నాలుగు వాక్యాలు మాత్రమే కంఠతా పట్టండి. మొత్తం బట్టీ పడితే మధ్యలో ఎవరైనా ఆపినప్పుడు దారం తెగిపోతుంది. టైమర్ పెట్టుకుని మూడుసార్లు పైకి చెప్పి చూసుకోండి, అందులో ఒకసారి వేరే ల్యాబ్ వాళ్ల ముందు.

అరగంట ముందే హాలుకి వెళ్లి కేబుల్ సరిపోతుందో చూడండి. వేరే కంప్యూటర్లో ఫాంట్ లేకపోతే మ్యూ గుర్తు డబ్బాగా మారుతుంది, అందుకే పీడీఎఫ్ కాపీ కూడా పెన్‌డ్రైవ్‌లో ఉంచుకోండి. వచ్చిన ప్రశ్నలన్నీ రాసిపెట్టమని ఒక స్నేహితుడికి ముందే చెప్పండి. నిలబడి మాట్లాడేవాళ్లకి అవి గుర్తుండవు. వచ్చే సెమిస్టర్ రిపోర్టు ఆ కాగితంతోనే మొదలుపెట్టవచ్చు.