మైకా షీటుతో వైట్‌బోర్డు మనమే చేసుకుని గోడకి తగిలించుకోవడం ఎలా

మాది విజయవాడ సత్యనారాయణపురం, అద్దె ఇల్లు. వన్ టౌన్‌లో కొన్ని షాపులకి ఇంట్లోంచే అకౌంట్స్ చూస్తాను. నెలనెలా జీఎస్టీ రిటర్నులు ఫైల్ చేసేవాళ్ళకి 11వ తారీఖు జీఎస్టీఆర్-1 అంటే అమ్మకాల వివరాలు, 20వ తారీఖు 3బి అంటే పన్ను లెక్క, మధ్యలో ఎవరి బిల్లులు వచ్చాయి ఎవరివి రాలేదు అన్నది కళ్ళెదురుగా కనపడకపోతే నాకు పని సాగదు, ఫోన్లో రిమైండర్ పెట్టుకున్నా మోగగానే ఆపేసి మర్చిపోతాం కదండీ. అందుకని ప్లైవుడ్ మీద తెల్ల మైకా, అంటే అలమరాలకి అంటించే సన్‌మైకా షీటు, అంటించి 4 అడుగులు బై 3 అడుగుల బోర్డు ఇంట్లోనే చేసుకున్నా. నిజానికి రెండుసార్లు చేశా, మొదటిది పాడైంది, రెండోది ఇప్పటికీ బ్రహ్మాండంగా ఉంది. ఆ రెండోది ఎలా చేశానో చెప్తా.

ముందు ఒక విషయం అర్థం చేసుకోండి, మార్కర్ ఇంకు ఎందుకు తుడిస్తే పోతుందీ అంటే అందులో రంగుతో పాటు ఆ రంగుని ఉపరితలానికి అతుక్కోనివ్వకుండా ఆపే జిడ్డులాంటి పదార్థం ఒకటి కలుపుతారు, స్పిరిట్ ఆరిపోయాక రంగు దాని మీద పొడిలా నిలబడి ఉంటుంది. కింద ఉన్నది నున్నగా, రంధ్రాలు లేకుండా ఉంటేనే ఇదంతా పనిచేస్తుంది. కాబట్టి తెల్ల మైకా అంటే ఏదో ఒక తెల్ల మైకా కాదు, గ్లాసీ ఫినిష్ కావాలి. మ్యాట్ షీటు చూడ్డానికి ఎంత బావున్నా రాసింది తుడిస్తే నీడలా మిగిలిపోతుంది.

షాపుకి వెళ్ళేటప్పుడు నల్లదీ ఎర్రదీ రెండు వైట్‌బోర్డు మార్కర్లు బ్యాగులో వేసుకెళ్ళండి. శాంపిల్ ముక్క అడిగి దాని మీద రాసి, ఓ పది నిమిషాలు ఆగి పొడి గుడ్డతో తుడిచి చూడండి, ఊరికే రాసిన వెంటనే తుడిస్తే ఏ షీటైనా పాసైపోతుంది. ఇంకోటి, గ్లాసీ షీట్ల మీద పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటుంది, దాని మీద రాసి తుడిచి బావుందనుకుంటే మోసపోతాం, మూల కొంచెం పొర లేపి అసలు షీటు మీదే రాయండి. షాపతను విసుక్కున్నా పర్లేదు, ఈ పది నిమిషాలే మొత్తం పనిలో ముఖ్యమైనవి.

కొలతల లెక్క ఇలా. మైకా షీటు 8 బై 4 అడుగులు వస్తుంది, 1 ఎంఎం మందం. అందులోంచి 4 బై 3 ముక్కలు రెండు వస్తాయి, ఇంకా 4 బై 2 మిగులుతుంది. రెండు ముక్కలు ఎందుకో కింద చెప్తా. ప్లైవుడ్ 12 ఎంఎం తీసుకోండి, సగం షీటు అంటే 4 బై 4 చాలు, బోర్డు పోగా మిగిలిన అడుగు వెడల్పు ముక్క తగిలించడానికి పనికొస్తుంది. బోర్డు ప్లైని మాత్రం షాపులోనే 47½ బై 35½ అంగుళాలకి కోయించండి, అప్పుడు మైకా అన్ని పక్కలా పావు అంగుళం బయటికి ఉంటుంది, అంటించేటప్పుడు అటూ ఇటూ జరిగినా కంగారుండదు. షీట్లు బైకు మీద పట్టుకురావద్దండీ, ట్రాలీ ఆటో మాట్లాడుకోండి, మైకా అంచు ఒక్కసారి చిట్లితే ఆ చీలిక లోపలికి పాకుతుంది.

ఇప్పుడు నా మొదటి బోర్డు సంగతి. ముందు వైపు ఒక్కటే మైకా అంటించి ఊరుకున్నా, వెనక ఎవరు చూస్తారులే అని. వానాకాలం వచ్చేసరికి బోర్డు విల్లులా వంగిపోయింది, మధ్యలో రాస్తుంటే గోడకి తగిలి టకటకమనేది. మా వీధిలో వడ్రంగి పని చేసే బాబాయి చూసి "వెనకాల కూడా వెయ్యకపోతే వంగిపోద్దమ్మా, చెక్క ఒక పక్కే ఊపిరి పీలిస్తే ఎట్టా" అన్నాడు. అదే అసలు కారణం, మైకా వేసిన వైపు చెమ్మ లోపలికి వెళ్ళదు, వెనక వైపు వెళ్తుంది, ఒక పక్క ఉబ్బి ఇంకో పక్క ఉబ్బకపోతే చెక్క వంగక ఏం చేస్తుంది. కృష్ణ పక్కన ఊరు మనది, వానల్లో గాల్లో తేమ ఎలా ఉంటుందో తెలిసిందే. అందుకే రెండో ముక్క వెనక్కి.

అంటించడానికి ఫెవికాల్ లాంటి తెల్ల జిగురు చాలు. ప్లైని ఎమరీ పేపర్‌తో రుద్ది దుమ్ము పొడిగుడ్డతో తుడిచెయ్యండి, చిన్న ఇసుక రేణువు ఉండిపోయినా పైన మొటిమలా కనపడుతుంది. జిగురు పాత దువ్వెనతో పల్చగా, అంచుల దాకా సమానంగా పరవండి. మొదట వెనక వైపు షీటు వేసి, తిప్పి, ముందు వైపుది వెయ్యండి, రెండూ ఒకే పూట అయిపోవాలి. మైకా మీద అప్పడాల కర్రతో మధ్యలోంచి అంచులకి గట్టిగా నొక్కుకుంటూ దొర్లించండి, గాలి బయటికి పోతుంది, అంచుల్లో జిగురు పూసల్లా బయటికొస్తే సరిగ్గా పడినట్టు, దాన్ని వెంటనే తడిగుడ్డతో తుడిచెయ్యాలి. గచ్చు మీద పేపర్లు పరిచి బోర్డుని పడుకోబెట్టి, పైన ఏదైనా చదునైన చెక్క వేసి బరువు పెట్టండి. నేను 26 కేజీల బియ్యం బస్తాలు రెండు పెట్టి, మధ్యలో తమ్ముడి ఇంజనీరింగ్ పుస్తకాలు పేర్చా. ఒక రోజంతా కదపొద్దు.

ఆరాక బయటికి పొడుచుకొచ్చిన పావు అంగుళం ఆకురాయితో అరగదీయాలి, పైనుంచి కిందకి మాత్రమే, కిందనుంచి పైకి గీస్తే మైకా పెచ్చులు లేస్తుంది. చుట్టూ అల్యూమినియం యు ఛానల్ గానీ చెక్క బీడింగ్ గానీ కొట్టేస్తే అయిపోయింది. ప్లాస్టిక్ పొర మాత్రం గోడకెక్కాకే తీయండి.

బరువు పన్నెండు పదమూడు కేజీలు వస్తుంది, మేకు కొట్టి తాడుతో వేలాడదీసేది కాదు. నేను చేసింది చెప్తా. మిగిలిన ప్లై ముక్కలోంచి 4 అంగుళాల వెడల్పు పట్టీ ఒకటి తీసి, దాన్ని పొడవునా సరిగ్గా మధ్యలో 45 డిగ్రీల ఏటవాలుగా కోయించా, కోత మిషన్ బ్లేడు వాల్చి కోసిస్తారు. ఒక ముక్క గోడకి, ఇంకోటి బోర్డు వెనక. గోడ ముక్క ఏటవాలు అంచు పైకి ఉండి, గోడ వైపు లోతుగా, మన వైపు ఎత్తుగా ఉండాలి, బోర్డు ముక్కది కిందకి ఉంటుంది, ఎత్తి పెడితే రెండూ కొక్కేల్లా పట్టుకుంటాయి. బోర్డు వెనక కింద అంచున కూడా అంతే మందం పట్టీ ఒకటి బిగించండి, లేకపోతే కింద వైపు లోపలికి వాలుతుంది.

బోర్డు వెనక స్క్రూల దగ్గర జాగ్రత్త. పట్టీ 12, బోర్డు రెండు మైకాలతో కలిపి 14, మొత్తం 26 ఎంఎం. అంగుళం స్క్రూ వేస్తే ముందు మైకాని లోపలినుంచి పొడిచి బొడిపె లేపుతుంది. ముప్పావు అంగుళం స్క్రూలు ఓ పది వెయ్యండి.

గోడకి నాలుగు రంధ్రాలు చాలు, అద్దిల్లు అయితే ఓనరు గారిని ముందే అడగండి. స్విచ్‌బోర్డుకి నిట్టనిలువుగా పైనా కిందా, అలాగే సరిగ్గా పక్కనా డ్రిల్ పెట్టొద్దు, గోడలోపల వైర్ల పైపులు అటే వెళ్తాయి. రసమట్టం పెట్టి గీత గీసుకుని, 8 ఎంఎం బిట్టుకి 60 ఎంఎం దగ్గర టేపు చుట్టుకోండి, ఎంత లోతు దిగిందో తెలుస్తుంది. ప్లాస్టరింగ్ దాటేవరకు డ్రిల్‌లో హ్యామర్ మోడ్, అంటే తిరుగుతూనే సుత్తిలా కొట్టేది, ఆన్ చెయ్యకండి, పెచ్చు ఊడుతుంది. పాత ఇళ్ళల్లో ఎర్ర పొడి రాగానే ఇటుక తగిలిందని తెలిసిపోతుంది, కానీ ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్ దగ్గర కావడంతో మన వైపు కొత్త ఇళ్ళల్లో బూడిద ఇటుకలు ఎక్కువ, వాటి పొడి కూడా సిమెంటు రంగే, అక్కడ చేతికి తెలిసే గట్టిదనాన్ని బట్టే చూసుకోవాలి. దుమ్ము ఊదేసి రావల్ ప్లగ్గులు, అంటే స్క్రూ పట్టు కోసం రంధ్రంలో పెట్టే ప్లాస్టిక్ గొట్టాలు, దించి, రెండున్నర అంగుళాల స్క్రూలతో పట్టీ బిగించి, మీరే రెండు చేతులతో గట్టిగా కిందకి లాగి చూసి, అప్పుడు ఇద్దరు కలిసి బోర్డు ఎక్కించండి.

కిటికీకి ఎదురుగా పెట్టకండి, గ్లాసీ కాబట్టి పొద్దున్న పూట ఒక్క అక్షరం కనపడదు. నేను కిటికీ ఉన్న గోడకి పక్క గోడ మీద, మధ్యభాగం నా కళ్ళ ఎత్తులో వచ్చేలా పెట్టా. తుడవడానికి పాత పంచె ముక్క చాలు, గిన్నెలు తోమే పీచు దగ్గరకి రానివ్వొద్దు. మన ఎండాకాలంలో వారాలతరబడి వదిలేసిన గీతలు మొండికేస్తాయి, వాటి మీద మళ్ళీ మార్కర్‌తోనే రాసి తడి ఆరకముందే తుడిస్తే పాతది కూడా వచ్చేస్తుంది, మా బాబు పర్మనెంట్ మార్కర్‌తో గీసిన ఏనుగు కూడా అలాగే పోయింది. అప్పటికీ మిగిలితే గుడ్డ మీద కొంచెం శానిటైజర్ వేసి తుడవండి.

ఇల్లు మారేటప్పుడు బోర్డు పైకెత్తితే వచ్చేస్తుంది, నాలుగు స్క్రూలు తీసి పట్టీ కూడా పట్టుకెళ్ళిపోండి, రంధ్రాల్లో వాల్ పుట్టీ నింపి ఆరాక ఎమరీ పేపర్ పట్టి, అదే రంగు ఒక చిన్న బ్రష్షుతో అద్దేస్తే ఓనరు గారికి ఏ ఇబ్బందీ ఉండదు.