సంక్రాంతి ఆర్డర్లకు ముందు: వెబ్‌సైట్‌లో ఫొటోలు, పాటలు, వీడియోలు పెట్టేవారికి జాగ్రత్తలు

దీపావళి వెళ్ళగానే నాకు ఫోన్లు మొదలవుతాయి. ఆత్రేయపురం పూతరేకుల వ్యాపారులు, కడియం నర్సరీల వారు, దిండిలో హౌస్‌బోట్లు నడిపేవారు, నరసాపురం లేసు అల్లించేవారు అందరూ అడిగేది ఒకటే: "పండుగలోపు సైట్ తెరవాలండి." హైదరాబాద్ నుంచి, బెంగళూరు నుంచి, అమెరికా నుంచి ఆర్డర్లు వచ్చిపడే రోజులు ముందున్నాయి. సరుకు సిద్ధం, ధరల పట్టిక సిద్ధం. ఫొటోలు మాత్రం ఉండవు. "గూగుల్‌లో బోలెడు ఉన్నాయి కదా, నాలుగు తీసి పెట్టేయండి" అంటారు.

కొన్నేళ్ళ కిందట నేనూ అలాగే పెట్టాను. ఒక నర్సరీ సైట్ కోసం కాగితం పూల ఫొటో వెతికి, నిండుగా కనిపించినదాన్ని దించి అతికించాను. ఏడాది దాటాక ఒక విదేశీ ఫొటో ఏజెన్సీ నుంచి ఆ రైతుకు ఈమెయిల్ వచ్చింది. మా పేజీ ఫొటో, తేదీ, పక్కనే వారి అసలు ఫొటో, కింద చెల్లించాల్సిన మొత్తం. ఇంటర్నెట్ అంతా జల్లెడ పట్టి బొమ్మకు బొమ్మ పోల్చే ప్రోగ్రాములు ఉన్నాయని నాకు అప్పుడే తెలిసింది. ఊరి నర్సరీని ఎవరు చూస్తారులే అన్న ధీమా ఆ రోజుతో పోయింది. మొక్క మొక్కకూ రూపాయి లెక్క చూసుకునే ఆయన నా తొందరపాటుకు డబ్బు కట్టాల్సి వచ్చింది. ఆ బాధ నాకు ఇంకా తగ్గలేదు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందుగా చట్టం సంగతి. 1957 నాటి మన కాపీరైట్ చట్టం ప్రకారం ఫొటో తీసినప్పుడే దాని మీద హక్కు పుడుతుంది. రిజిస్ట్రేషన్ అక్కరలేదు, మూలన ఏ గుర్తూ ఉండనక్కరలేదు. సినిమాకు, రికార్డు చేసిన పాటకు అది వెలువడిన మరుసటి సంవత్సరం నుంచి 60 ఏళ్ళు రక్షణ. ఫొటో తీసినవారికి, బొమ్మ గీసినవారికి అయితే జీవితకాలం, ఆపైన 60 ఏళ్ళు. ప్రభుత్వం తీయించిన ఫొటోలకూ 60 ఏళ్ళ హక్కు ఉంది కాబట్టి టూరిజం శాఖ సైట్‌లో కనిపించిన కోనసీమ కాలువ ఫొటో ప్రజలందరిదీ అనుకోవడానికి లేదు. తెలిసి ఉల్లంఘిస్తే ఆరు నెలల నుంచి మూడేళ్ళ వరకు జైలు, 50,000 నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా అని 63వ సెక్షన్ చెబుతోంది. "ఫొటో యజమానికి కృతజ్ఞతలు" అని కింద ఒక వాక్యం రాస్తే సరిపోతుందని చాలామంది నమ్ముతారు. ఆ వాక్యం అనుమతి కాదు, ఎదుటివారిదని తెలిసే తీసుకున్నామని మనమే ఒప్పుకున్నట్టు అవుతుంది.

మన ప్రాంతంలో తరచూ ఎదురయ్యే చిక్కు ఒకటుంది. మిఠాయి పెట్టెల మీద, సైట్ తలభాగంలో బాపు బొమ్మ ఉండాలని చాలామంది ముచ్చటపడతారు. నరసాపురంలో పుట్టిన మనిషి, మనవాడే కదా అంటారు. ఆయన 2014లో కన్నుమూశారు. ఆ గీతలకు 2074 చివరి వరకు రక్షణ ఉంటుంది. వారసుల అనుమతి లేకుండా వాడకూడదు. రాజమహేంద్రవరం చిత్రకారుడు దామెర్ల రామారావు 1925లోనే పోయారు, ఆయన చిత్రాల గడువు ఎప్పుడో తీరింది. అయినా ఆ చిత్రాన్ని ఎవరైనా ఈమధ్య ఫొటో తీసి అమ్ముతుంటే, ఆ ఫొటో విషయం వారిని విడిగా అడగాలి.

ఇక ఉచితంగా, న్యాయంగా దొరికే చోట్లు. ఫొటోలకు అన్‌స్ప్లాష్, పెక్సెల్స్, పిక్సాబే ఉన్నాయి. చివరి రెండింటిలో వీడియోలు కూడా ఉంటాయి. వికీమీడియా కామన్స్‌లో మన గుళ్ళు, ఆనకట్టలు, ఊళ్ళ ఫొటోలు బాగానే దొరుకుతాయి. ప్రతి ఫొటో కిందా దాని షరతు రాసి ఉంటుంది. ఓపెన్‌వర్స్‌లో ఇలాంటి ఎన్నో చోట్ల ఉన్న ఫొటోలనూ శబ్దాలనూ ఒకే వెతుకులాటలో చూడవచ్చు. గూగుల్ చిత్రాల్లోనే వెతకాలనుకుంటే టూల్స్ నొక్కి, వాడుక హక్కుల దగ్గర క్రియేటివ్ కామన్స్ (యజమాని కొన్ని షరతులతో అందరికీ ముందే అనుమతి ఇచ్చే లైసెన్సులు) ఎంచుకోండి. అక్కడితో ఆగకుండా ఫొటో ఉన్న అసలు పేజీకి వెళ్ళి షరతు చదవండి. గూగుల్ దారి చూపిస్తుంది, అనుమతి ఇవ్వదు.

క్రియేటివ్ కామన్స్ (సీసీ) అక్షరాలను వ్యాపారులు తప్పక నేర్చుకోవాలి. సీసీ జీరో అంటే యజమాని హక్కులన్నీ వదులుకున్నట్టు. బై అంటే పేరు చెప్పి వాడుకోమని. ఎన్‌సీ అని ఉంటే వ్యాపారానికి పనికిరాదు. పూతరేకులు అమ్మే పేజీ వ్యాపారమే, "మాది చిన్న కొట్టండి" అన్న మాట అక్కడ చెల్లదు. ఎన్‌డీ అంటే మార్చి ప్రచురించకూడదు. దాని మీద మీ దుకాణం పేరు రాయడం, వెనక ఉన్న దృశ్యం తీసేసి మీ పెట్టె అతికించడం లాంటివి కుదరవు. ఎస్‌ఏ అంటే దాన్ని మార్చి చేసిన కొత్త బొమ్మను కూడా అదే షరతుతో అందరికీ వదిలేయాలి. మీరు డబ్బు పెట్టి చేయించిన బ్యానర్‌ను పక్క కొట్టువారు తీసుకుని వాడుకున్నా కాదనలేరు. కాబట్టి సీసీ జీరో, సీసీ బై రెండింటితో సరిపెట్టుకొమ్మని నా సలహా. పేరు చెప్పడమంటే తీసినవారి పేరు, ఫొటో పేరు ఉంటే అదీ, అసలు పేజీ లింకు, లైసెన్సు లింకు ఇవ్వాలి. మీరు ఏమైనా మార్చి ఉంటే ఆ సంగతి కూడా రాయాలి.

ఉచిత సైట్ల షరతులు మారుతుంటాయి. అన్‌స్ప్లాష్ 2017 వరకు సీసీ జీరో మీద ఇచ్చి తరువాత సొంత లైసెన్సుకు మారింది, పిక్సాబే 2019లో అదే చేసింది. మీరు దించుకున్న రోజున ఏ షరతు ఉందో రుజువు మీ దగ్గరే ఉండాలి. ఇంకో ప్రమాదం, ఒకరి ఫొటోను మరొకరు తమదని చెప్పి ఈ సైట్లలో ఎక్కించడం. ముఖ్యమైన చోట పెట్టే ఫొటోను గూగుల్ లెన్స్‌లోనో టిన్‌ఐలోనో పెట్టి, అది ఇంకెక్కడెక్కడ ఉందో ఒకసారి వెతకండి. అదే ఫొటో అమ్మకానికి కనిపిస్తే వదిలేయండి.

పాట విషయంలో తప్పులు ఇంకా ఎక్కువ జరుగుతాయి. "త్యాగరాజ కీర్తనకు ఎవరి అనుమతి కావాలండి?" అని ఒక పెద్దాయన అడిగారు. త్యాగరాజస్వామి 1847లో సిద్ధి పొందారు, కీర్తన మీద ఎవరికీ హక్కు లేదు. కాని మీరు దించిన ఆడియోలో పాడిన గొంతుకు ఒక హక్కు ఉంది, రికార్డు చేసిన సంస్థకు మరొకటి ఉంది. ఆ కీర్తననే మీ ఊరి సంగీతం మాస్టారి చేత పాడించి, కాగితం మీద అనుమతి రాయించుకుంటే నిశ్చింతగా వాడుకోవచ్చు. ఇన్‌స్టాగ్రామ్ రీల్‌కు అక్కడ దొరికిన పాట ఆ యాప్ వరకే. ఆ రీల్‌ను దించి మీ సైట్‌లో పెడితే పాట అనుమతి దానితో రాదు. యూట్యూబ్ ఆడియో లైబ్రరీ కూడా ముఖ్యంగా యూట్యూబ్ వీడియోల కోసం ఉన్నదే. పక్షుల కూతలు, వాన చప్పుడు, పడవ తెడ్డు శబ్దం లాంటివి 2005 నుంచి నడుస్తున్న ఫ్రీసౌండ్‌లో దొరుకుతాయి. అక్కడ కూడా ఎన్‌సీ ఉన్నవాటిని పక్కన పెట్టండి. చాలామందికి తెలియని సంగతి ఇంకొకటి: సంగీతాన్ని వీడియోకు జతచేయడాన్ని క్రియేటివ్ కామన్స్ మార్పుగానే లెక్కిస్తుంది. కాబట్టి ఎన్‌డీ ఉన్న పాట వీడియో వెనక పెట్టకూడదు. సైట్ తెరవగానే గుడి గంటలు మోగాలని అడిగేవారికి ఒక మాట: 2018 నుంచి క్రోమ్ బ్రౌజర్ చూసేవారు ముట్టుకోకముందే శబ్దం మోగడాన్ని ఆపేస్తోంది. ఆ ఖర్చు మానుకోండి.

వీడియో ఇతరులదైతే దించుకోకండి. యూట్యూబ్‌లో యజమాని ఎంబెడ్ (వీడియో యూట్యూబ్‌లోనే ఉండి మన పేజీలో ఆడేటట్టు) చేసుకోనిస్తే ఆ లింకునే పేజీలో పెట్టండి. మీ కొట్టు గురించి ఎవరో వ్లాగర్ తీసిన వీడియో అయినా ఇదే పద్ధతి.

అనుమతి ఉన్న ఫొటో కూడా అబద్ధం చెప్పవచ్చు. దిండి హౌస్‌బోట్ పేజీలో కేరళ పడవ ఫొటో పెట్టారనుకోండి. కుటుంబంతో వచ్చినవారు రేవులో నిలబడి ఫోన్‌లో బొమ్మనూ ఎదురుగా ఉన్న పడవనూ మార్చి మార్చి చూస్తారు. ఆ చూపు తరువాత ఎంత మర్యాద చేసినా లాభం లేదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టంలో తప్పుదారి పట్టించే ప్రకటనకు తయారీదారు మీద పది లక్షల రూపాయల వరకు జరిమానా వేసే వీలుంది. ఏఐతో చేయించిన బొమ్మలదీ ఇదే ప్రమాదం. నేను పూతరేకు అడిగితే దోసెలా మందమైన రేకును చూపించింది. 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన సరుకును అలా చూపించడానికి నాకు మనసు ఒప్పలేదు.

అందుకే సరుకు ఫొటోలు మాత్రం మీరే తీసుకోండి. మన సరుకు అచ్చంగా ప్రపంచంలోని ఏ ఫొటో బ్యాంకులోనూ దొరకదు. బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరి మట్టలు మండుతుంటాయి. జారుగా కలిపిన బియ్యప్పిండిలో ముంచిన గుడ్డను కుండ వీపు మీద పరిచి లాగగానే చుయ్యిమని ఆవిరి లేస్తుంది. రెండు అంకెలు లెక్కపెట్టేలోపు రేకు అంచు తనంతట తాను కుండను వదులుతుంది. ఆ అంచు లేచే క్షణమే మీకు కావాల్సిన ఫొటో. ఉదయం ఎనిమిది లోపు, వెలుతురు పాక గుమ్మం వైపు నుంచి పక్కగా పడేటట్టు నిలబడండి. ఆవిరి, పొగ ఫోన్ కెమెరా అద్దం మీద పేరుకుంటాయి, పది ఫొటోలకు ఒకసారి మెత్తటి నూలు గుడ్డతో తుడవండి. ఆ చుయ్యి శబ్దాన్ని విడిగా రికార్డు చేయండి. ఫ్యాను ఆపి, ఫోన్‌ను విమాన మోడ్‌లో పెట్టి, కుండకు మూరెడు దూరంలో అర నిమిషం పట్టుకుంటే చాలు. ఏ లైబ్రరీలోనూ అలాంటి శబ్దం నాకు కనిపించలేదు.

రేకు తీసే ఆమె ముఖం ఫొటోలో పడితే ఆమె అనుమతి అడగాలి. ఎక్కడ, దేనికి వాడతారో ముందే చెప్పి సంతకం తీసుకోండి. చేతులు మాత్రమే చాలునని ఆమె అంటే చేతులే తీయండి. ఈ పని చాలామంది ఇళ్ళలోనే చేస్తారు. ఫోన్ ఫొటోలో ఆ ఇంటి చోటు గుర్తు దాగి ఉంటుంది, ఎక్కించే ముందు లొకేషన్ వివరాలు తీసేయండి. వెడల్పు 1600 పిక్సెళ్ళకు తగ్గిస్తే పేజీ తొందరగా తెరుచుకుంటుంది.

ఫొటోగ్రాఫర్‌ను పెట్టుకుంటే, డబ్బిచ్చి తీయించిన ఫొటోకు వేరే ఒప్పందం లేనప్పుడు తీయించినవారే మొదటి హక్కుదారు. అయినా ఒక కాగితం రాసుకోండి. స్నేహితుడు ఉచితంగా ఇచ్చిన ఫొటోకైతే కాగితం తప్పనిసరి. అందులో గడువు రాయకపోతే చట్టం ఐదేళ్ళుగా లెక్కిస్తుంది, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అనుకుంటుంది. మీ పేజీని డాలస్‌లో కూడా చూస్తారు కాబట్టి "ప్రపంచమంతటా" అని రాయించుకోండి.

నేను ప్రతి సైట్‌కూ ఒక నోటు పుస్తకం పెడతాను. ఫైల్ పేరు, ఎక్కడిది, తీసినవారు, లైసెన్సు, దించిన తేదీ, ఆ రోజు పేజీ స్క్రీన్‌షాట్ ఏ ఫోల్డరులో ఉంది అన్నవి ఒక్కో వరుసలో. వాట్సాప్‌లో తిరిగి వచ్చిన ఫొటోలకు ఈ గళ్ళు నింపలేం, అందుకే అవి సైట్‌లోకి రావు.

ఇంత చేసినా నోటీసు వస్తే కంగారుపడి డబ్బు పంపకండి, అలాగని చూడనట్టు ఊరుకోకండి. పుస్తకం తెరిచి ఆ వరుస చూడండి. హక్కు తమదేనని రుజువు చూపమని మర్యాదగా రాసి, మొత్తం పెద్దదైతే వకీలును కలవండి. క్రియేటివ్ కామన్స్ 4.0 ఫొటోకు పేరు రాయడం మరిచిపోయి ఉంటే, తప్పు తెలిసిన 30 రోజుల్లో సరిదిద్దితే వాడుకునే హక్కు తిరిగి వస్తుంది, పాత వెర్షన్లలో ఈ వెసులుబాటు లేదు. ఫొటో మీది కాదని తేలితే, తేదీతో పేజీ స్క్రీన్‌షాట్ ఒకటి దాచుకుని అదే రోజు తీసేయండి. తీయడం వల్ల పాత బాకీ మాఫీ కాదు, కాని పెరగకుండా ఆగుతుంది. పేజీలోంచి తొలగించినా ఫైల్ సర్వర్‌లో ఉండిపోతే దాని చిరునామా తెరుచుకుంటూనే ఉంటుంది. అక్కడి నుంచి కూడా చెరిపి, ఆ చిరునామాను మరో ఫోన్‌లో తెరిచి చూసుకోండి.