అరకిలో ప్యాకెట్లో నిజంగా అరకిలో ఉందా? జీడిపప్పుతో టీ టెస్ట్

పర్లాకిమిడిలో ప్లస్ త్రీ (డిగ్రీ) చదివే మా మేనకోడలు మొన్న ఫోన్ చేసి, "మావయ్యా, ఈ నల్ హైపోథిసిస్ ఒరియాలో చెప్పినా ఇంగ్లిషులో చెప్పినా బుర్రకెక్కట్లేదు, తెలుగులో చెప్పవా" అంది. జీడితోటల జిల్లా కదా, జీడిపప్పుతోనే చెప్పాను. అంకెలు నేను అనుకున్నవే, ఏ కొట్టువీ కావు.

ప్యాకెట్ మీద 500 గ్రాములని ఉంది, మనకేమో అనుమానం. తూకం వేయకముందే కాగితం మీద రాసుకోండి: సగటు బరువు 500 అనేది నల్ హైపోథిసిస్ (గట్టి సాక్ష్యం దొరికేదాకా పక్కన పెట్టని మాట), 500 కాదు అనేది దాని ఎదురు మాట, హద్దు 5 శాతం (నల్ నిజమైనా పొరపాటున తోసిపుచ్చే అవకాశం అంతకు మించకూడదని). తర్వాత ఒకే అట్టపెట్టెలో పైపైవి కాకుండా, చీటీలు వేసి 16 ప్యాకెట్లు తీయండి. ఖాళీ కవరు బరువు తీసేయడం మర్చిపోవద్దు.

సగటు 496 వచ్చింది, స్టాండర్డ్ డీవియేషన్ 8 (16తో కాదు, 15తో భాగించి). చాలామంది పప్పులో కాలేసేది ఇక్కడే, ఆ 8ని నేరుగా వాడేస్తారు. ఒక్కో ప్యాకెట్ బరువు ఎంత అటూఇటూ అవుతుందో చెప్పేది 8. మనకి కావాల్సింది 16 ప్యాకెట్ల సగటు ఎంత అటూఇటూ అవుతుందో. అందుకని 16 వర్గమూలం 4తో భాగిస్తే 2, అదే స్టాండర్డ్ ఎర్రర్.

4 గ్రాములు తగ్గింది, 2తో భాగిస్తే టీ విలువ మైనస్ 2. టీ పట్టికలో డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ (ప్యాకెట్ల సంఖ్య కంటే ఒకటి తక్కువ) 15 దగ్గర, 5 శాతానికి హద్దు 2.131 అని ఉంది, అంతదాకా పోలేదు కాబట్టి నల్‌ని తోసిపుచ్చలేం. పీ వాల్యూ సుమారు 0.064, అంటే సగటు నిజంగా 500 అయినా ఇంత తేడా, లేదా ఇంతకు మించిన తేడా, నూటికి ఆరుసార్లు మామూలుగానే వస్తుంది. (ఈ టీ లెక్క పుట్టింది బీరు కంపెనీలో! గిన్నిస్‌లో పనిచేసే విలియం గాసెట్ 1908లో 'స్టూడెంట్' అనే మారుపేరుతో అచ్చువేశాడు.)

"అయితే తూకం కరెక్టే" అంది మేనకోడలు. కాదమ్మా, తప్పని చెప్పడానికి సాక్ష్యం చాల్లేదు, అంతే. 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ (అసలు సగటు ఎక్కణ్నుంచి ఎక్కడిదాకా ఉండొచ్చో చెప్పే మేర) వేస్తే అది కళ్లకు కనిపిస్తుంది: 2.131 రెట్లు 2 అంటే 4.26, కాబట్టి 496కి అటూఇటూ 491.74 నుంచి 500.26 దాకా. 500 లోపలే ఉంది గానీ గట్టు అంచున ఉంది, ఎనిమిది గ్రాములు తక్కువన్నా ఈ డేటా కాదనదు. నాకైతే టెస్ట్ కంటే ఇదే ఇష్టం. అయితే 95 శాతం నమ్మకం ఈ ఒక్క ఇంటర్వెల్ మీద కాదు, పద్ధతి మీద. అసలు సగటు చేప, ఇంటర్వెల్ వల అనుకోండి: చేప కదలదు, వల పడే చోటే మారుతుంది. వంద వలలు వేస్తే సుమారు 95 వలల్లో చేప ఉంటుంది.

ఇంకో మాట, అంకెలు చూశాక "తక్కువ ఉందా అనే కదా నా అనుమానం" అని ఒకవైపు టెస్ట్‌కి మారితే హద్దు 1.753కి దిగి నల్ పడిపోతుంది. అది దొంగాట, ముందే రాసుకోమన్నది అందుకే.

మొదట్నుంచీ 25 ప్యాకెట్లు అనుకుని ఉంటే, ఇవే సగటు, డీవియేషన్ వస్తే, స్టాండర్డ్ ఎర్రర్ 1.6, టీ మైనస్ 2.5, హద్దు 2.064, ఇంటర్వెల్ 492.7 నుంచి 499.3. 500 బయటపడింది.

"పన్నెండున్నర కిలోల జీడిపప్పు ఎవరు కొంటారు మావయ్యా?" అంది. కొనక్కర్లేదు, కొట్టాయన్ని కాస్త కాటా అడుగు అన్నాను.